బొమ్మల పుస్తకాలు: గీత, అచ్చు, కాగితం

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

కామిక్స్ సేకరణ గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కర్నూలు, అనంతపురం, కడప వైపువే. అచ్చు నాణ్యత మీద, చిత్రకారుల పనితనం మీద, ఎండల్లో పుస్తకాలను కాపాడుకోవడం మీద అడిగినవాటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాం.

● చిన్నప్పటి పౌరాణిక బొమ్మల కథ ఒకటి మా ఇంట్లో ఇంకా ఉంది. అదే కథను కొత్తగా అచ్చు వేస్తే మొన్న కొన్నాను. కాగితం నున్నగా ఉంది, రంగులు మెరుస్తున్నాయి, వెల కూడా బాగానే పెట్టారు. అయినా పాత పుస్తకంలో ఉన్న జీవం దీంట్లో లేదు. ఇది నా భ్రమేనా సార్?
– ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకుడు

భ్రమ కాదు, మీ కన్ను సరిగ్గానే చూసింది. బొమ్మల కథకు ప్రాణం నల్ల గీత. చిత్రకారుడి చేతిలో పుట్టిన ఆ గీత మన చేతిలోని కాగితం దాకా చెడకుండా వచ్చిందా లేదా అనేదే మేము మొదట చూస్తాం. రంగు, మెరుపు, కాగితం మందం ఆ తర్వాతే. ఈ లెక్కన చూస్తే ఖరీదైన పునర్ముద్రణలు చాలానే తప్పుతాయి.

ఎక్కడ చెడుతుందో చెబుతాం. మళ్లీ అచ్చు వేయడానికి మూడు చోట్ల నుంచి బొమ్మ దొరకొచ్చు: చిత్రకారుడు గీసిన అసలు పేజీ, దాన్ని కెమెరాలో తీసిన ఫిలిం, లేదంటే ఎవరి దగ్గరో మిగిలిన అచ్చు కాపీ. మొదటి రెండూ పోయి మూడోదే మిగిలితే కష్టం. అచ్చు కాపీని స్కాన్ చేస్తే గీతతో పాటు కాగితం పసుపు, రంగు చుక్కలు, వెనక పేజీ నీడ అన్నీ వస్తాయి. వాటిని తీసేయడానికి కంప్యూటర్లో నలుపు తెలుపుల మధ్య హద్దును జరుపుతారు. హద్దు ఒకవైపు జరిగితే సన్న గీతలు మాయం. రెండో వైపు జరిగితే దగ్గర దగ్గరగా ఉన్న గీతలు అతుక్కుని నల్ల ముద్ద అవుతాయి. మీ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి ఒకే బొమ్మలో కనురెప్పలు, వేళ్ల కణుపులు, నగల గొలుసులు, గడ్డం వెంట్రుకలు పోల్చి చూడండి. పోయింది ఏదైనా ఉంటే ముందు అక్కడే పోతుంది.

రెండో దెబ్బ కొత్త రంగుల వల్ల. పాత రోజుల్లో ఒక్కో చోట ఒకే చదును రంగు వేసేవాళ్లు. కండరం ఎత్తుపల్లాలు, వెలుగు నీడలు అన్నీ చిత్రకారుడు గీతలోనే పెట్టేవాడు: నీడ వైపు గీత లావు, వెలుగు వైపు సన్నం, మధ్యలో అడ్డగీతలు. ఇప్పుడు కంప్యూటర్లో ఆ గీతల కింద మళ్లీ ముదురు నుంచి లేత దాకా జారే రంగు నింపుతున్నారు. వెలుగు రెండుసార్లు చెప్పినట్టవుతుంది. అది కూడా ఒక్కోసారి గీత చెప్పిన దిక్కు నుంచి కాకుండా ఇంకో దిక్కు నుంచి. ముఖం బొమ్మలా కాకుండా మైనం ముద్దలా కనిపించేది అందుకే.

మూడోది కాగితం. అమెరికా కామిక్స్‌లో చాలాకాలం నీలం, ఎరుపు, పసుపు సిరాల్లో ఒక్కోదాన్ని 25, 50, 100 శాతం పాళ్లలో మాత్రమే కలిపి, ఏమీ వేయనిదాన్ని కూడా లెక్కేస్తే మొత్తం 64 రంగులతోనే పని నడిపారు. ఆ పాళ్లు న్యూస్‌ప్రింట్‌ను, అంటే వార్తాపత్రికల కాగితాన్ని, మనసులో పెట్టుకుని వేసినవి. న్యూస్‌ప్రింట్ సిరాను పీల్చేసుకుంటుంది, కాగితం రంగు కూడా బూడిద పసుపే కాబట్టి రంగు అణిగి మెత్తగా కనిపిస్తుంది. అవే పాళ్లను సుద్ద పూత ఉన్న తెల్లటి ఆర్ట్ పేపర్ మీద అచ్చు వేస్తే పసుపు, ఎరుపు కళ్లలో పొడుస్తాయి. మన దగ్గర కూడా ఇదే జరుగుతోంది. అమర్ చిత్ర కథ 1967లో మొదలైనప్పుడు ఖర్చు భరించలేక పసుపు, నీలం, ఆకుపచ్చలతోనే బొమ్మలు వేశారు, పూర్తి రంగులు తర్వాత వచ్చాయి. ఆ కొద్ది రంగుల పేజీల్లో చిత్రకారుడు రామ్ వాయిర్కర్ గీత ఎంత తేటగా కనిపిస్తుందో చూసినవాళ్లకు రంగు ఎక్కువైతేనే అందం అనే మాట నమ్మబుద్ధి కాదు.

పాత కాపీని మాత్రం పారేయకండి. కొత్తది చదువుకోండి, పాతది దాచుకోండి.

● అచ్చు నాణ్యత చూడటానికి భూతద్దం కొనాలనుకుంటున్నాను. ఎలాంటిది, దానితో ఏం చూడాలి?
– ఆదోని నుంచి ఒక పాఠకురాలు

పది రెట్లు పెద్దగా చూపేది చాలు. బంగారం కొట్లలో, ప్రెస్సుల్లో వాడే మడత భూతద్దం తీసుకోండి. ముప్ఫై రెట్లు అని అమ్మే చవక రకాల్లో అంచులు వంకరగా కనిపిస్తాయి, చూడగలిగే జాగా కూడా చిన్నదైపోతుంది. అద్దాన్ని కంటికి ఆనించి, పుస్తకాన్ని అంగుళం దూరానికి తెచ్చి చూడాలి. కిటికీ వెలుతురు మంచిది. చవక ఎల్.ఈ.డి. కింద రంగులు సరిగా తెలియకపోవచ్చు.

ముందు నల్ల గీతను చూడండి. గీత నిండుగా, ఒకే నలుపుగా, అంచు తెగినట్టు ఉంటే గీతను విడిగా పట్టుకుని నల్ల సిరా ఒక్కదానితోనే వేశారన్నమాట. గీత లోపల నీలం, ఎరుపు, పసుపు చుక్కలు కలిసి కనిపిస్తే బొమ్మ మొత్తాన్నీ ఫొటోలాగా స్కాన్ చేసి నాలుగు రంగుల్లో అచ్చు వేసేశారు. అలాంటి గీత మామూలు కంటికి కూడా కాస్త మసకగానే ఉంటుంది. ఈ ఒక్క పరీక్షతోనే సగం పుస్తకాలు తేలిపోతాయి.

తర్వాత రంగు అంచులు. ఎర్ర పంచె అంచు దాటి గులాబీ చార, ఇంకోవైపు తెల్ల సందు కనిపిస్తే రంగు మీద రంగు సరిగా కూర్చోలేదు. మంచి కాగితం మీద అంగుళానికి 150 చుక్కల వరుసలు ఉంటాయి. అంటే వరుసకు 0.17 మిల్లీమీటరు. అందులో సగం, సుమారు 0.1 మిల్లీమీటరు, జరిగితే చదివేవాడికి తెలియదు. అది దాటితే ముఖాలు రెండుగా చెదిరినట్టు కనిపిస్తాయి. న్యూస్‌ప్రింట్ మీద అంగుళానికి 85 నుంచి 100 వరుసలే కాబట్టి అక్కడ ఇంకొంచెం ఓర్చుకోవచ్చు.

మూడోది, చదునైన రంగులో గళ్ల చీర మీది అలల్లాంటి చారలు ఉన్నాయా అని. ఒక రంగు చుక్కలు ఇంకో రంగు చుక్కలతో ఢీకొనకుండా నలుపు 45, ఎరుపు 75, నీలం 15, పసుపు 0 డిగ్రీల కోణంలో చుక్కల వరుసలు వేయడం మామూలు పద్ధతి. ఒకసారి అచ్చయిన పేజీని చుక్కలతో సహా స్కాన్ చేసి మళ్లీ చుక్కలుగా మారిస్తే పాత వరుసలు, కొత్త వరుసలు ఢీకొని ఆ అలలు పుడతాయి. అవి కనిపిస్తే ఆ పునర్ముద్రణ అచ్చు కాపీ నుంచి తీసిందే. ఇంకేమీ చూడక్కర్లేదు.

● మా తాతగారి పెట్టెలో పాత చందమామలు, కొన్ని బొమ్మల పుస్తకాలు దొరికాయి. కొన్నిటికి మొదటి పేజీలు లేవు. ఏ కాలానివో ఎలా తెలుసుకోవాలి? పునర్ముద్రణ అయితే గుర్తుపట్టడం ఎలా?
– కడప నుంచి ఒక పాఠకుడు

చందమామ మీ జిల్లా బిడ్డ పెట్టిన పత్రికే. పొట్టిపాడులో పుట్టిన బి. నాగిరెడ్డి, చక్రపాణితో కలిసి 1947 జూలైలో మద్రాసులో మొదలుపెట్టారు.

పేజీలు లేకపోయినా వెల, చిరునామా చాలావరకు కాలం చెప్పేస్తాయి. వెల అణాల్లో మాత్రమే ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది. నయా పైసలు అని ఉంటే 1957కీ 1964కీ మధ్యది. ఆ తర్వాత ‘నయా’ పోయి పైసలు మిగిలాయి. ప్రచురణకర్త చిరునామాలోనో, ప్రకటనల్లోనో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాత అచ్చయింది, ఎందుకంటే పిన్‌కోడ్ పుట్టిందే ఆ రోజున. దానికి ముందు ‘మద్రాసు-26’ తరహాలో చిన్న అంకె మాత్రమే ఉండేది. బొంబాయి ముంబయి అయింది 1995లో, మద్రాసు చెన్నై అయింది 1996లో. పదమూడంకెల ఐ.ఎస్.బి.ఎన్. (పుస్తకం గుర్తింపు సంఖ్య) ఉంటే 2007 దగ్గర నుంచి వచ్చిందనుకోవచ్చు.

పునర్ముద్రణల్లో లోపలి పేజీ మీద పాత సంవత్సరం అలాగే వదిలేయడం మామూలే. దాన్ని నమ్మి ఎక్కువ వెల పెట్టకండి. వెనక అట్ట మీద అదే వరుసలో వచ్చిన ఇతర పుస్తకాల జాబితా ఉంటుంది. మీ చేతిలోని పుస్తకం అంకె కంటే చాలా పెద్ద అంకెలు ఆ జాబితాలో ఉంటే అది తర్వాతి అచ్చే. వెల మీద స్టిక్కరు ఉంటే గోటితో గీకవద్దు. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే కింది అంకె చాలాసార్లు కనిపిస్తుంది.

● అనంతపురం ఎండకు మా కామిక్స్ పెళుసైపోతున్నాయి. మడత దగ్గర ముట్టుకుంటే విరుగుతోంది, అంచులు గోధుమ రంగుకు తిరిగాయి. గోడలో కడప బండల గూట్లో పెట్టాను. ఎలా దాచాలో వివరంగా చెప్పండి.
– అనంతపురం నుంచి ఒక పాఠకుడు

న్యూస్‌ప్రింట్‌లో కలప గుజ్జుతో పాటు లిగ్నిన్ అనే పదార్థం మిగిలిపోతుంది. గాలి, వెలుతురు తగిలి అది గోధుమ రంగుకు తిరుగుతూ ఆమ్లాలను పుట్టిస్తుంది. ఆ ఆమ్లం కాగితం నారను తుంచుతుంది. వేడి పెరిగేకొద్దీ ఈ పని వేగం పెరుగుతుంది. పైగా ఏప్రిల్, మే నెలల్లో మీ గాలిలో తేమ బాగా పడిపోతుంది, కాగితం తనలోని తేమను కూడా వదిలేసి బిగుసుకుంటుంది. అప్పుడు మడత తెరిస్తే విరగక మానదు. అందుకని మా మొదటి సలహా: పాత న్యూస్‌ప్రింట్ పుస్తకాలను ఎండాకాలం మధ్యాహ్నాల్లో తెరవకండి. సర్దుకోవడం, స్కాన్ చేయడం, ఇంకొకరికి చూపించడం వానలు పడ్డాక ఆగస్టు నుంచి పెట్టుకోండి.

బండల గూడు బయటి గోడలో ఉంటే దాంట్లోంచి తీసేయండి. ముఖ్యంగా పడమటి గోడ. పగలంతా తాగిన వేడిని బండ రాత్రి దాకా వదలదు. వానాకాలంలో గోడ చెమ్మ నేరుగా పుస్తకం అంచుకు ఎక్కుతుంది. ఇంటి మధ్య గదిలో, లోపలి గోడ దగ్గర స్టీలు బీరువా మంచిది. గోడకు రెండంగుళాలు, నేలకు నాలుగంగుళాలు ఎడం ఉంచండి. చెదలు గోడ వెంబడి మట్టి గొట్టం కట్టుకుంటూ వస్తాయి. సందు ఉంటే ఆ గొట్టం మీకు ముందే కనిపిస్తుంది. మిద్దె కింద అటక మీద మాత్రం పెట్టనే వద్దు, ఇంటిలో అంతకంటే వేడి చోటు ఇంకొకటి ఉండదు.

ఎయిర్ కూలర్ ఉన్న గది కూడా వద్దు. కూలర్ చల్లగాలితో పాటు తేమనూ తోస్తుంది. పగలు తేమ, కరెంటు పోతే పొడి, మళ్లీ తేమ. ఇలా మారుతుంటే కాగితం అలలు తిరుగుతుంది. ఆర్ట్ పేపర్ పుస్తకాలకు ఇది ఇంకా ప్రమాదం: దాని మీది సుద్ద పూత తడిసి, బరువు కింద ఆరితే పేజీలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అవి ఇక విడిపోవు.

ఒక్కో పుస్తకాన్ని విడిగా కవరులో పెట్టాలి. చేత్తో నలిపితే చిటపటలాడే పాలీప్రొపిలీన్ కవరు, 40 నుంచి 50 మైక్రాన్ల మందం ఉన్నది, సరిపోతుంది. అరుదైన వాటికి 75 మైక్రాన్ల పాలియెస్టర్ వాడండి. మెత్తగా ఉండి, కొత్త చెప్పుల వాసన కొట్టే పీవీసీ కవర్లను దగ్గరకు రానివ్వకండి. వాటిలోని నూనె పదార్థం బయటికి వచ్చి అట్ట మీది సిరాను లాగేస్తుంది, ఆమ్లం కూడా వదులుతుంది. వెనక ఆనించడానికి ఆమ్లం లేని అట్టముక్క కావాలి. బైండింగ్ వాళ్లు వాడే బూడిద రంగు అట్ట పనికిరాదు, దాని ఆమ్లం పుస్తకానికి పాకుతుంది. పెట్టెలో నిలబెడితే వంగకుండా నిండుగా ఉండాలి. పడుకోబెడితే ఇరవైకి మించి దొంతర వద్దు, వెన్ను వైపులు అటొకటి ఇటొకటి మార్చి పేర్చండి.

వెండి రంగులో జారిపోయే పుస్తకాల పురుగు జిగురు కోసం వస్తుంది. నాఫ్తలీన్ ఉండలు వేసి మూసేస్తే ఆ ఆవిరి మీ ఊపిరికీ మంచిది కాదు, కొన్ని ప్లాస్టిక్కులను మెత్తబరుస్తుంది కూడా. పురుగు పట్టిన పుస్తకాన్ని రెండు జిప్ కవర్లలో గాలి తీసి మూసి, మైనస్ 18 డిగ్రీలకు దిగే డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు పెట్టండి. బయటికి తీశాక 24 గంటలు కవరు తెరవకండి, లేకపోతే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది. ఆ తర్వాత మెత్తటి బ్రష్‌తో దులపండి.

మధ్య పిన్నులు తుప్పుపట్టి ఉంటే అవి చుట్టూ ఉన్న కాగితాన్ని తినేస్తాయి. మొండి కత్తితో లోపలి వైపు కాళ్లు నిటారుగా చేసి, బయటి నుంచి మెల్లగా లాగేసి, అవే రంధ్రాల్లోంచి తెల్ల నూలుదారంతో వదులుగా కుట్టండి. రబ్బరు బ్యాండు ఎప్పుడూ వేయకూడదు.

● చిరిగిన పేజీలకు ఎప్పుడో సెల్లోటేపు వేశాం. ఇప్పుడు అది గోధుమ రంగు మచ్చ అయింది. తీయొచ్చా?
– నంద్యాల నుంచి ఒక పాఠకురాలు

టేపు పైపొర దానంతట అదే ఊడుతుంటే తీయండి. ఊడకపోతే హెయిర్ డ్రయర్‌ను తక్కువ వేడిలో పదిహేను సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, నాలుగైదు సెకన్లు వేడి చేసి, పలుచటి చదును గరిటతో కొంచెం కొంచెం లేపండి. లాగొద్దు. లాగితే రంగు పొర టేపుతో వచ్చేస్తుంది. మచ్చ మాత్రం పోదు. అది కాగితం నారలోకి దిగిన జిగురు. పెట్రోలు, థిన్నరు వేసి రుద్దితే సిరా కరిగి మచ్చ ఇంకా పెద్దదవుతుంది.

మళ్లీ అతికించడానికి జపాన్ టిష్యూ (పొడవాటి నారలున్న పలుచటి కాగితం), గోధుమ గంజి వాడండి. ఒక పాలు గోధుమ స్టార్చికి ఐదు పాళ్లు నీళ్లు కలిపి సన్నటి సెగ మీద పావుగంట తిప్పుతూ ఉడికించి, చల్లారాక జల్లెడ పట్టండి. ఫ్రిజ్‌లో మూడు రోజులు నిలుస్తుంది. టిష్యూను కత్తిరించకుండా తడి గీత గీసి చింపితే అంచుల నారలు పేజీకి కలిసిపోతాయి. పలుచగా గంజి పూసి అతికించి, పైనా కిందా అంటుకోని బటర్ పేపరు, దాని మీద బ్లాటింగ్ పేపరు పెట్టి, గంటసేపు బరువు ఉంచండి.

● మా పన్నెండేళ్ల బాబు బొమ్మలు బాగా వేస్తాడు. టీవీలో, కొత్త కామిక్స్‌లో వచ్చే బొమ్మలే చూసి గీస్తుంటాడు. ఎవరి బొమ్మలు చూపించాలి?
– హిందూపురం నుంచి ఒక తండ్రి

ఒకసారి లేపాక్షి తీసుకెళ్లండి, మీకు పదిహేను కిలోమీటర్ల లోపే. వీరభద్రస్వామి గుడిలో నాట్యమండపం పైకప్పు మీద పదహారో శతాబ్దపు విజయనగర చిత్రాలు ఉన్నాయి. అవి పొడవాటి పట్టీలుగా, కథ ఒకవైపు నుంచి ఇంకోవైపు నడిచేలా వేసినవి. కిరాతార్జునీయంలో, మనునీతి చోళుడి కథలో ఒకే మనిషి మళ్లీ మళ్లీ వస్తాడు, బట్టల వల్ల, నిలబడ్డ తీరు వల్ల గుర్తుపడతాం. నల్ల గీత, దాని లోపల మట్టి ఎరుపు, పసుపు, తెలుపు, ఆకుపచ్చ, అన్నీ చదును రంగులే. బొమ్మల కథకు కావలసిన వ్యాకరణం అంతా అక్కడ ఉంది. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ల పని కూడా చూపించండి. మనిషిని పక్క నుంచి చూపిస్తూనే చేతులతో మాట్లాడించడం వాళ్ల దగ్గర నేర్చుకోవాలి.

పుస్తకాల్లో అయితే చందమామ చిత్రకారులు. ‘చిత్ర’ పేరుతో గీసిన టి.వి. రాఘవన్ జానపద సీరియళ్ల బొమ్మలు కదలిక కోసం చూడాలి. శంకర్, అంటే కె.సి. శివశంకరన్, బొమ్మలు పేజీ కూర్పు కోసం చూడాలి. ఆయన గీసిన విక్రమ బేతాళుల బొమ్మలో శ్మశానం, పాములు, పుర్రెలు, కొమ్మలు ఎన్ని ఉన్నా కన్ను ముందు రాజు దగ్గరికే పోతుంది. ఎందుకు పోతుందో బాబును వెతకమనండి. 2020లో ఆయన పోయాక 2021లో పద్మశ్రీ ఇచ్చారు. ఎంతో ముందే రావలసింది. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు రంగు కోసం, బాపు బొమ్మలు ఎంత తక్కువ గీతలతో మనిషిని నిలబెట్టొచ్చో చూడటానికి. అమర్ చిత్ర కథలో ప్రతాప్ ములిక్‌నూ చూపించండి.

సాధనకు ఒకే మందం గీసే స్కెచ్ పెన్ను కాకుండా 2 నంబరు గుండ్రటి బ్రష్, ఇండియన్ ఇంకు ఇవ్వండి. అచ్చయిన బొమ్మకు ఒకటిన్నర రెట్ల సైజులో గీసి, జిరాక్స్‌లో 67 శాతానికి తగ్గించి అసలు బొమ్మ పక్కన పెట్టి పోల్చుకోమనండి. తగ్గించినప్పుడు ఏ గీతలు నిలిచాయి, ఏవి అతుక్కున్నాయి అనేది ఆ ఒక్క కాగితమే చూపిస్తుంది.

● మా స్నేహితులం కలిసి ఇక్కడి జానపద కథ ఒకటి 32 పేజీల రంగుల బొమ్మల పుస్తకంగా వేయాలనుకుంటున్నాం. 500 కాపీలు. ప్రెస్సులో ఏం అడగాలో, ఎక్కడ మోసపోతామో చెప్పండి.
– కర్నూలు నుంచి ఒక బృందం

సైజు ముందు తేల్చుకోండి. పావు క్రౌన్ తీసుకుంటే కాగితం వృథా కాదు. 20×30 అంగుళాల షీటును మడిస్తే 7.5×10 అంగుళాల పేజీలు పదహారు వస్తాయి, కోశాక 7.25×9.5. అలా మడిచిన ఒక్కో షీటును ఫారం అంటారు. అంటే 32 పేజీలకు రెండు ఫారాలు. షీటుకు రెండు వైపులా నాలుగేసి రంగులు, రంగుకో ప్లేటు కాబట్టి ఫారానికి ఎనిమిది ప్లేట్లు, మొత్తం పదహారు. ప్రెస్సులో 15×20 మిషన్ మాత్రమే ఉంటే షీటుకు ఎనిమిది పేజీలే పడతాయి, ప్లేట్లు 32 అవుతాయి. ధర అడిగేటప్పుడు ఏ మిషన్ మీద వేస్తారో అడగండి. 300 కాపీల లోపయితే డిజిటల్ మేలు. 500కు ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్టే మా మాట. డిజిటల్ టోనర్ కాగితం పైన పొరలా కూర్చుంటుంది, నిండు రంగున్న చోట మడత పడితే పగిలి తెల్ల గీత తేలుతుంది.

కాగితం 90 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మ్యాప్‌లిథో, అంటే పూత లేని కాగితం, కొంచెం క్రీము ఛాయ ఉన్నది అడగండి. లేదా 100 జి.ఎస్.ఎం. మ్యాట్ ఆర్ట్. 60, 70 జి.ఎస్.ఎం. వేస్తే వెనక పేజీ నలుపు ఇటు కనిపిస్తుంది. మెరిసే ఆర్ట్ పేపర్ వద్దు, దీపం వెలుతురులో చదివే పిల్లల కళ్లలో మెరుపు కొడుతుంది. అట్టకు 250 జి.ఎస్.ఎం. ఆర్ట్ కార్డు. 500 కాపీలకు ఫారానికి 500 షీట్లు, రంగు కుదిరే దాకా పోయేవి 150 కలిపితే రెండు ఫారాలకు 1300. మూడు రీములు కొనాలి. రీమును తూకం వేయించండి: 20×30 సైజులో 90 జి.ఎస్.ఎం. 500 షీట్ల రీము సుమారు 17.4 కిలోలు, 80 అయితే 15.5 కిలోలు. బిల్లులో ఒకటి, మిషన్ మీద ఒకటి అయితే తక్కెడ చెప్పేస్తుంది.

బొమ్మలు ఏ3 డ్రాయింగ్ కాగితం మీద ఒకటిన్నర రెట్లలో గీయించండి. పేజీలో బొమ్మ ఉండే జాగా 6.25×8.5 అయితే అసలు 9.4×12.75 అంగుళాలు. 0.3 మిల్లీమీటరు కంటే సన్నటి పెన్ను వద్దు, తగ్గాక అది 0.2 అవుతుంది. గీతను 800 డి.పి.ఐ.లో (అంగుళానికి చుక్కలు) స్కాన్ చేసి, అచ్చు సైజులో 1200 డి.పి.ఐ. నలుపు-తెలుపు ఫైలుగా విడిగా ఉంచండి. రంగులు దాని కింద 300 డి.పి.ఐ. సి.ఎం.వై.కె. (నీలం, ఎరుపు, పసుపు, నలుపు సిరాల) పొరలో. గీత 100 శాతం నల్ల సిరా ఒక్కటే, ఓవర్‌ప్రింట్, అంటే కింది రంగును చెరపకుండా దాని మీదే పడాలి. ఇది చేయకుండా అన్నీ కలిపి ఒకే ఫొటో ఫైలుగా ఇస్తే, పైన ఆదోని పాఠకురాలికి చెప్పిన మసక గీత మీ పుస్తకంలోనే వస్తుంది. మేము చూసిన సొంత ప్రచురణల్లో చెడిపోయినవి ఎక్కువగా ఇక్కడే చెడ్డాయి.

రంగు విషయంలో కంప్యూటర్ తెరను నమ్మకండి. తెర మీది మెరిసే ఆకుపచ్చ, నీలం సిరాలో రావు. ఏ చోటైనా నాలుగు సిరాల శాతాలు కలిపితే మ్యాప్‌లిథో మీద 260 దాటకూడదు, దాటితే ఆరదు, ఎదుటి పేజీకి అంటుకుంటుంది. మ్యాప్‌లిథో మీద చుక్క ఉబ్బుతుంది కాబట్టి మధ్య రంగులను కాస్త లేతగా ఇవ్వండి. ఎండలో పనిచేసే రైతు ఒంటికి నీలం 15, ఎరుపు 45, పసుపు 60 దగ్గర మొదలుపెట్టి చూడండి. నీలం అంతకంటే పెంచితే ఒళ్లు బూడిద రంగుకు తిరుగుతుంది. కోత పోయే అంచులకు 3 మిల్లీమీటర్లు అదనంగా బొమ్మ ఉంచండి, మాటలు అంచుకు 8 మిల్లీమీటర్ల లోపలే ఆపండి.

తెలుగు మాటలకు 10.5 పాయింట్లకు తగ్గొద్దు, వరుసకూ వరుసకూ మధ్య 15 పాయింట్లు ఇవ్వండి. లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుతుంది. సిరా ఉబ్బితే ధ కింది చిన్న గీత పూడిపోయి ద అవుతుంది, ఫ ప అవుతుంది. సన్నటి ఫాంటు వద్దు. ముదురు రంగు మీద తెల్లక్షరాలు పెడితే లావుగా 12 పాయింట్లు ఉండాలి, రంగు అరవెంట్రుక జరిగినా అక్షరం మూసుకుపోతుంది. పీడీఎఫ్ చేసేముందు అక్షరాలన్నీ కర్వులుగా (ఫాంటు అక్కర్లేని గీతలుగా) మార్చి, ప్రతి బుడగనూ ఒకసారి చదవండి. ప్రెస్సు కంప్యూటర్లో ఒత్తులు విడిపోయి అచ్చయిన పుస్తకాలు తక్కువేమీ కాదు.

ఏప్రిల్, మే నెలల్లో వేయాల్సి వస్తే జాగ్రత్త. పొడి గాలికి కాగితం అంచులు ముడుచుకుంటాయి, మిషన్‌లో నీళ్లు తగిలి సాగుతాయి. ఒక రంగు వేసి, దించి, మళ్లీ ఎక్కించే మిషన్ మీద అయితే నాలుగో రంగు వచ్చేసరికి షీటు సైజే మారిపోతుంది. నాలుగు రంగులూ ఒకేసారి వేసే మిషన్ ఎంచుకోండి. రీములను ముందురోజే మిషన్ గదికి చేర్చి, కట్టు విప్పకుండా ఉంచమనండి.

మొదటి ఫారం ఎక్కినప్పుడు మీలో ఒకరు మిషన్ దగ్గర ఉండాలి. మొదటి వంద షీట్లు పోయాక ఒకటి తీసి అంచుల్లోని ప్లస్ గుర్తులు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయో లేదో భూతద్దంతో చూడండి. సరే అనుకున్న షీటు మీద సంతకం చేసి పక్కన ఉంచండి. రెండో ఫారంలో అదే పాత్ర ఒంటి రంగు దీనికి కలవాలి. అచ్చయ్యాక ఒక రోజు ఆరనిచ్చి అప్పుడు మడత, పిన్నులు, కోత.

● అనువాద కామిక్స్‌లో తెలుగు మాటలు చీమల్లా ఉంటున్నాయి. ఎందుకు?
– గుంతకల్లు నుంచి ఒక పాఠకురాలు

ఆ బుడగలు వేరే భాషకు కొలిచి గీసినవి. తెలుగులో ఒత్తులు, గుడులు ఉండటం వల్ల వరుసకు ఎత్తు ఎక్కువ కావాలి, కాబట్టి బుడగలో తక్కువ వరుసలే పడతాయి. అందుకని అక్షరాలను అడ్డంగా 70 శాతానికి నొక్కేస్తున్నారు. మాకు ఇది ఏమాత్రం నచ్చదు. సరైన దారులు రెండే: బుడగ పెద్దది చేయడం, లేదా అనువాదకుడు మాటలు తగ్గించడం. రెండోదే మేలు, ఎందుకంటే బుడగ పెరిగితే బొమ్మ తగ్గుతుంది.

● పాత కామిక్స్ అట్టలకు లామినేషన్ చేయిస్తే ఎక్కువ కాలం నిలుస్తాయా?
– జమ్మలమడుగు నుంచి ఒక పాఠకుడు

చేయించకండి. వేడికి జిగురు కాగితంలోకి దిగుతుంది, మళ్లీ ఎప్పటికీ విడదీయలేరు. లోపలి ఆమ్లం లోపలే పనిచేస్తూ ఉంటుంది. సేకరించేవాళ్ల దగ్గర ఆ కాపీకి వెల కూడా పడిపోతుంది. అట్ట వదులైతే పైన చెప్పిన పాలియెస్టర్ కవరు తొడిగి, వెనక ఆమ్లం లేని అట్టముక్క పెట్టండి. పుస్తకం కంటే కవరు అన్ని వైపులా అర సెంటీమీటరు పెద్దగా ఉండాలి. బిగుతుగా ఉంటే తీసేటప్పుడు మూలలు మడతపడతాయి.